కొత్తగా కలిపిన ఉప్పునీటిలో ఆల్కలినిటీ ఎక్కువగా ఉంటే: ఎప్పుడు సరిచేయాలి, ఎలా సరిచేయాలి

మీరు రాసినదాన్ని కుదించి చెబితే విషయం ఇది. ఫ్రిస్కోలోని మీ ఇంట్లో 75 గ్యాలన్ల పగడాల తొట్టి ఉంది. కింద ఉండే సంపును, అంటే వడపోత సామగ్రి పెట్టే రెండో తొట్టిని, కలుపుకొని, రాళ్లూ ఇసుకా ఆక్రమించిన చోటు తీసివేస్తే అందులో దాదాపు 280 లీటర్ల నీరు తిరుగుతోంది. తొట్టిలో ఆల్కలినిటీ, అంటే నీరు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, కొన్ని నెలలుగా 7.8 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర నిలకడగా ఉంది. ఈమధ్య వేరే ఉప్పు మిశ్రమానికి మారారు, దానితో కలిపిన నీరు 11.8 చూపిస్తోంది. ఆ నీటితో ఒకేసారి 84 లీటర్లు మార్చిన నాలుగో రోజుకు ఆక్రొపోరా పగడం కొమ్మల కొసలు తెల్లబడ్డాయి. కొత్త నీటి ఆల్కలినిటీని తొట్టికి సరిపోయేలా తగ్గించి పోయాలా, తగ్గించాలంటే దేనితో, ఎంత అని అడిగారు.

తగ్గించవచ్చు. పద్ధతి కూడా సులువే, లెక్క పక్కాగా వస్తుంది. అయితే యాసిడ్ సీసా మూత తీసే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. ఆ 11.8 నిజంగా 11.8 అవునా కాదా అన్నది మొదటిది. మీరు మార్చే నీటి పరిమాణానికి ఆ తేడా అసలు లెక్కలోకి వస్తుందా అన్నది రెండోది. హ్యూస్టన్‌లో నీటి పరీక్షల ప్రయోగశాలలో నా ఉద్యోగం, ఇంట్లో పగడాలు పెంచడం మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. ఈ విషయంలో నేను చూసిన నష్టాలలో ఎక్కువ భాగం ఆల్కలినిటీ ఎక్కువ కావడం వల్ల జరిగినవి కావు, ఉన్నదో లేదో తెలియని ఎక్కువను తగ్గించబోయి జరిగినవి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు పదం గురించి రెండు మాటలు. ఆల్కలినిటీని తెలుగులో క్షారత అంటాం, కానీ ఆ మాట వినగానే చాలామందికి పీహెచ్ గుర్తుకొస్తుంది. రెండూ ఒకటి కావు. పీహెచ్ అనేది నీరు ఈ క్షణంలో ఎంత ఆమ్లంగా, ఎంత క్షారంగా ఉందో చెబుతుంది. ఆల్కలినిటీ మాత్రం ఆ నీరు ఎంత ఆమ్లాన్ని మింగి తట్టుకోగలదో చెప్పే కొలత. సముద్రపు నీటిలో అందులో అధిక భాగం బైకార్బొనేట్, కొంత కార్బొనేట్, కొద్దిగా బోరేట్. పగడం తన అస్థిపంజరాన్ని కట్టుకునేది కాల్షియం కార్బొనేట్‌తో కాబట్టి ఈ బైకార్బొనేటే దానికి ముడిసరుకు. సహజమైన సముద్రపు నీటిలో ఇది 6.5 నుంచి 7 డీకేహెచ్ ఉంటుంది. ఇళ్లలో పెంచేవాళ్లం 7 నుంచి 11 మధ్య ఏదో ఒకచోట నిలబెడతాం. ఎక్కడ నిలబెట్టామన్నదాని కంటే అక్కడ కదలకుండా ఉంచామా అన్నది ముఖ్యం. కొలతలు మూడు రకాలుగా రాస్తారు: లీటరుకు 1 మిల్లీఈక్వివలెంట్ అంటే 2.8 డీకేహెచ్, అంటే కాల్షియం కార్బొనేట్ లెక్కలో 50 పీపీఎం (పది లక్షల పాళ్లకు 50 పాళ్లు). కింది లెక్కలన్నీ దీనిమీదే నడుస్తాయి.

ఇప్పుడు మీ తొట్టి లెక్క చూద్దాం. 280 లీటర్లలో 84 లీటర్లంటే 30 శాతం. మిగిలిన 70 శాతం 7.8 దగ్గర, కొత్త 30 శాతం 11.8 దగ్గర ఉంటే, కలిసిన తరువాత తొట్టి 9.0 దగ్గరికి చేరుతుంది. అంటే గంటలోపు 1.2 డీకేహెచ్ పెరిగిందన్నమాట. తొట్టిలో ఆల్కలినిటీని పెంచవలసి వచ్చినప్పుడు రోజుకు 1 డీకేహెచ్ మించకుండా పెంచమని నేనెప్పుడూ చెబుతాను, కాబట్టి మీ ఆక్రొపోరా ఆ మార్పును ఇష్టపడకపోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ అదే నీటిని 10 శాతం, అంటే 28 లీటర్లు మాత్రమే మార్చి ఉంటే తొట్టి 8.2 దగ్గర ఆగేది. పెరుగుదల 0.4. బాగా పెరుగుతున్న రాతి పగడాలున్న తొట్టి రోజుకు 1 డీకేహెచ్ వరకు తినేస్తుంది, కాబట్టి ఆ 0.4 సగం రోజు మేత. తొట్టికి రోజూ ఆల్కలినిటీని కొంచెం కొంచెంగా చేర్చే డోసింగ్ పంపును ఆ రోజు అంతమేరకు తగ్గిస్తే తొట్టిలో ఏ కదలికా కనిపించదు. అందువల్ల వారానికి 10 శాతం మార్చుకునేవారు ఉప్పు 11.8 చూపించినా, 12 చూపించినా ఆ నీటిని సరిచేయవలసిన పని లేదనే నేను గట్టిగా చెబుతాను. సరిచేయడం అవసరమయ్యేది 25, 30 శాతం, అంతకు మించి మార్చేటప్పుడు, లేదా జబ్బు, విషపదార్థం వంటి కారణంతో వరుసగా రెండు మూడు పెద్ద మార్పులు చేయవలసి వచ్చినప్పుడు.

ఇక ఆ 11.8 నిజమేనా? ముందుగా లవణీయత చూడండి. ఆల్కలినిటీ నీటిలో ఉన్న ఉప్పుతోపాటే పెరుగుతుంది, తరుగుతుంది. నీరు నిజానికి వెయ్యికి 37 పాళ్లు ఉండి మీ రిఫ్రాక్టోమీటరు (లవణీయత కొలిచే పరికరం) 35 అని చూపిస్తూ ఉంటే, ఆ 11.8 సరైన లవణీయత వద్ద 11.2 మాత్రమే అవుతుంది. రిఫ్రాక్టోమీటరును ఉట్టి ఆర్‌ఓ నీటితో సున్నాకు సరిచేసి వదిలేయడం చాలామందికి అలవాటు. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న పరికరం 35 దగ్గర తప్పు చూపించవచ్చు. అందుకని 35 పాళ్ల ప్రామాణిక ద్రావణం కొని దానితోనే సరిచేయాలి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 35 పాళ్లంటే సాపేక్ష సాంద్రత 1.0264. లవణీయత తప్పుగా ఉన్నప్పుడు ముందు దాన్ని సరిచేసి, ఆ తరువాతే ఆల్కలినిటీ కొలవాలి. క్రమం తిరగబడితే మీరు సరిచేసేది ఆల్కలినిటీని కాదు, ఉప్పు కొలతలో జరిగిన పొరపాటును.

తరువాత టెస్ట్ కిట్. సాలిఫర్ట్ వంటి చుక్కల కిట్టు వాడుతున్నారనుకుంటే, నీలి ఆకుపచ్చ రంగు గులాబీ నారింజ రంగుకు మారే దగ్గర ఒక్కొక్కరి కన్ను ఒక్కోచోట ఆగుతుంది. మొదట ఒక చుక్కకు గులాబీ రంగు మెరిసి, ఊపగానే మాయమవుతుంది. అది ముగింపు కాదు. ఊపిన తరువాత కూడా నిలిచిన మొదటి రంగే ముగింపు. దీపం పసుపు రంగుదైతే ఆ తేడా తెలియదు, కిటికీ దగ్గర తెల్ల కాగితం ముందు పెట్టుకుని చూడండి. సిరంజిలో ద్రవానికీ పిస్టన్‌కూ మధ్య కొంచెం గాలి ఉంటుంది, దానితో భయం లేదు. చదవవలసింది ద్రవం మట్టాన్ని కాదు, పిస్టన్ స్థానాన్ని. హానా చెకర్ అనే చిన్న అంకెల మీటరు వాడేవారు గాజు సీసాపై వేలిముద్రలు లేకుండా తుడిచి పెట్టాలి, ఆ ఒక్క మరకే అంకెను మార్చేస్తుంది.

కిట్టును నమ్మవచ్చో లేదో ఇంట్లోనే తేల్చుకునే మార్గం ఒకటుంది, పదిహేను నిమిషాల పని. 0.01 గ్రాము చూపించే చిన్న తూకం యంత్రంలో 2.52 గ్రాముల తినే సోడా తూచండి. 1 లీటరు ఆర్‌ఓ డీఐ నీటిలో (ఆర్‌ఓ తరువాత మిగిలిన లవణాలను కూడా రెసిన్‌తో తీసేసిన నీరు) దాన్ని పూర్తిగా కరిగించండి. ఆ ద్రావణంలో 100 మిల్లీలీటర్లు తీసుకుని, మళ్లీ ఆర్‌ఓ డీఐ నీరు కలిపి సరిగ్గా 1 లీటరు చేయండి. అలా వచ్చిన నీటి ఆల్కలినిటీ లీటరుకు 3 మిల్లీఈక్వివలెంట్లు, అంటే 8.4 డీకేహెచ్. రంగు చూసే కిట్టుతో దాన్ని కొలిస్తే 8.4 రావాలి. 9.2 వచ్చిందనుకోండి, మీ కిట్టు దాదాపు పదో వంతు ఎక్కువ చెబుతోందని అర్థం, అప్పుడు మీ 11.8 నిజానికి 10.8 దగ్గర ఉంటుంది. మీ తొట్టి 7.8 కూడా 7.1 అవుతుంది. చూశారా, తేడా అప్పటికే 4.0 నుంచి 3.7కు దిగింది. కిట్టు మార్చిన ప్రతిసారీ, కొత్త సీసా విప్పిన ప్రతిసారీ నేను ఈ పని చేస్తాను.

అన్నిటికన్నా ఎక్కువమంది జారేది ఉప్పు కలిపే విధానంలో. సంచీలో, బకెట్‌లో ఉప్పు ప్రయాణంలో కుదుపులకు విడిపోతుంది, సన్నని పొడి అడుగుకు, గరుకు పలుకులు పైకి చేరతాయి. పైనుంచి నాలుగు కప్పులు తీసి కలిపిన నీటికీ, అడుగు నుంచి తీసిన నీటికీ ఆల్కలినిటీ తేడా రావచ్చు. కొత్త బకెట్ తెచ్చినప్పుడు మూత బిగించి నేలమీద అటూ ఇటూ దొర్లించి, తలకిందులు చేసి, తరువాతే వాడండి. తేమ తగిలి గడ్డకట్టిన ఉప్పులో కాల్షియం, కార్బొనేట్ అక్కడే కలిసి రాయిగా మారిపోతాయి కాబట్టి దాని ఆల్కలినిటీ తక్కువగా వస్తుంది. ఇక నీటిలో ఉప్పు పోయాలి తప్ప ఉప్పు మీద నీరు పోయకూడదు. పీపా అడుగున కుప్పగా పడిన ఉప్పు మీద నీరు పడితే, ఆ అడుగు అంగుళంలో కాల్షియమూ కార్బొనేటూ అంత చిక్కగా కలుస్తాయి కాబట్టి నీరు సున్నపు నీళ్లలా తెల్లబడుతుంది. ఆ తెలుపు తరువాత కరగదు. కరగని ఆ పొడిలో మీ ఆల్కలినిటీలో కొంత పోయింది, ప్రతి 1 డీకేహెచ్‌తోపాటు దాదాపు 7 పీపీఎం కాల్షియం కూడా పోయింది. పంపు ముందు తిప్పి, నీరు సుడి తిరుగుతుండగా ఉప్పును కొంచెం కొంచెంగా చల్లండి.

కలిపిన నీటిని నిలవ ఉంచడం కూడా ఇలాంటిదే. ఆల్కలినిటీ ఎక్కువగా ఉండేలా తయారుచేసిన ఉప్పు మిశ్రమాలు హీటరుతో, గాలిబుడగలతో రోజుల తరబడి తిరుగుతుంటే నెమ్మదిగా ఆల్కలినిటీని పోగొట్టుకుంటాయి. హీటరు కడ్డీ చుట్టూ తెల్లని పెంకు కట్టడం మీరు చూసే ఉంటారు. గోటితో గీరితే పెచ్చులుగా ఊడే ఆ పెంకే నీటిలోంచి పోయిన కాల్షియం కార్బొనేట్. సాయంత్రం కలిపిన నీరు 11.8 చూపించి, ఐదు రోజుల తరువాత 9.5 చూపిస్తే అందులో వింత లేదు. వేడి, ఎక్కువ పీహెచ్, నీటిలో అప్పటికే తేలుతున్న తెల్లని రేణువులు ఈ నష్టాన్ని వేగం చేస్తాయి. నీటిలో మెగ్నీషియం సహజ స్థాయిలో, అంటే 1280 నుంచి 1350 పీపీఎం ఉంటే కొంత అడ్డుకుంటుంది. అందువల్ల ఇలాంటి ఉప్పును మార్చే ముందురోజో అదేరోజో కలుపుకోవాలి, కలిపాక పూర్తిగా తేటపడ్డాకే కొలవాలి.

ఈ సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. తొట్టి పెట్టిన రెండో ఏట, వేసవిలో, గరాజ్‌లో సోమవారం నీరు కలిపి శనివారం వరకు హీటరుతో తిప్పాను. ఉప్పు డబ్బాపై 11 డీకేహెచ్ అని ఉంది. నా తొట్టి 8 దగ్గర ఉండేది కాబట్టి 3 డీకేహెచ్ తగ్గించడానికి సరిపడా యాసిడ్ లెక్కకట్టి పోశాను. నీటిని కొలవలేదు, డబ్బా మీది అంకెనే కొలతగా తీసుకున్నాను. ఐదు రోజుల్లో ఆ నీరు అప్పటికే 8.6కు పడిపోయి ఉందని, పోసిన యాసిడ్‌తో 5.6కు చేరిందని తరువాత అడుగున మిగిలిన నీటిని కొలిస్తే తెలిసింది. పైగా గాలి పట్టించకుండా అరగంటలోనే 40 శాతం నీరు మార్చేశాను. ఆ సాయంత్రానికి పగడాలన్నీ ముడుచుకున్నాయి. కొమ్మ కొమ్మా పెంచుకుంటూ వచ్చిన, ఒక మిత్రుడి తొట్టి నుంచి తెచ్చుకున్న బర్డ్స్‌నెస్ట్ పగడం పదిరోజుల్లో మొదలు నుంచి చర్మం ఊడిపోయి తెల్లని పుల్లలా మిగిలింది. అప్పటినుంచి పీపాలోని నీటిని కొలవకుండా అందులో ఒక్క చుక్క కూడా ఏదీ వేయలేదు.

ఇన్ని చూసుకున్నాక కూడా ఆల్కలినిటీ ఎక్కువగానే ఉండి, పెద్ద మార్పు తప్పదంటే, తగ్గించడానికి సరైనది హైడ్రోక్లోరిక్ యాసిడ్. హార్డ్‌వేర్ దుకాణాలలో మ్యూరియాటిక్ యాసిడ్ పేరుతో దొరికే 31.45 శాతం గాఢత ఉన్న రకం, రంగూ వాసనా సబ్బూ ఏమీ కలపనిది ఎంచుకోండి. పసుపుగా ఉన్నదాన్ని వద్దనుకోండి, ఆ పసుపు చాలాసార్లు ఇనుము వల్ల వస్తుంది. ఈ యాసిడ్ బైకార్బొనేట్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది, నీటిలో మిగిలేది క్లోరైడ్ మాత్రమే. సముద్రపు నీటిలో లీటరుకు 19 గ్రాములకు పైగా క్లోరైడ్ ముందే ఉంటుంది కాబట్టి మనం చేర్చే కొన్ని పదుల మిల్లీగ్రాములు లెక్కలోకి రావు.

పరిమాణం ఇలా వస్తుంది. 100 లీటర్ల నీటిలో 1 డీకేహెచ్ తగ్గించాలంటే 35.7 మిల్లీఈక్వివలెంట్ల ఆమ్లం కావాలి, 31.45 శాతం యాసిడ్‌లో అది దాదాపు 3.5 మిల్లీలీటర్లు. మీ 84 లీటర్లను 11.8 నుంచి 8.3కు తేవాలంటే, అంటే 3.5 డీకేహెచ్ తగ్గించాలంటే, దాదాపు 10.3 మిల్లీలీటర్లు. తొట్టి 7.8 దగ్గర ఉంటే 8.3 అని ఎందుకంటున్నానంటే, కిట్టు పొరపాటు ఎటువైపు ఉన్నా కొత్త నీరు తొట్టికన్నా కొంచెం పైనే ఉండటం మంచిది. 30 శాతం మార్పులో ఆ అర డీకేహెచ్ తొట్టిని 0.15 మాత్రమే కదిలిస్తుంది. గాఢమైన యాసిడ్‌ను చిన్న సిరంజితో కొలవడం ప్రమాదం, తప్పు కూడా ఎక్కువ వస్తుంది. అందుకని ముందుగా 90 మిల్లీలీటర్ల ఆర్‌ఓ నీటిలో 10 మిల్లీలీటర్ల యాసిడ్ పోసి పదోవంతు ద్రావణం చేసుకోండి. అప్పుడు మీకు కావలసింది 103 మిల్లీలీటర్లు, మూడు మిల్లీలీటర్లు అటూ ఇటూ అయినా నష్టం లేదు. ఆ ద్రావణంలో ముందు 75 మిల్లీలీటర్లు, పంపు నేరుగా తిప్పుతున్న చోట సన్నని ధారగా పోసి, పదిహేను నిమిషాలు కలవనిచ్చి, ఆల్కలినిటీ కొలిచి, మిగిలినదాన్ని ఆ కొలతను బట్టి పోయండి.

యాసిడ్ దగ్గర కొన్ని నియమాలకు మినహాయింపు లేదు. యాసిడ్‌ను నీటిలో పోయాలి, నీటిని యాసిడ్‌లో ఎప్పుడూ పోయకూడదు. ఆరుబయట, గాలి మీ వెనకనుంచి వీచేలా నిలబడి చేయాలి. కళ్లద్దాలూ రబ్బరు తొడుగులూ తప్పనిసరి. బ్లీచ్ ఉన్న చోట యాసిడ్ ఉండకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ఒలికితే చల్లడానికి తినే సోడా డబ్బా మూత తీసి పక్కన పెట్టుకోండి. సీసాను పిల్లలకు అందనిచోట, ఇనుప పనిముట్లకు దూరంగా ఉంచండి, దాని ఆవిరికి గరాజ్‌లో రెంచీలు కూడా తుప్పు పడతాయి. ఇక చేపలూ పగడాలూ ఉన్న తొట్టిలో నేరుగా ఈ యాసిడ్ పోయడం ఏ పరిస్థితిలోనూ చేయకండి. తొట్టిలో ఆల్కలినిటీ ఎక్కువైతే డోసింగ్ ఆపి పగడాలను తిననివ్వడమే మందు.

యాసిడ్ పోసిన వెంటనే పీహెచ్ చూస్తే గుండె ఝల్లుమంటుంది. 11.8 నుంచి 8.3కు తగ్గించినప్పుడు పీహెచ్ దాదాపు 6.5 దాకా పడిపోతుంది. దానికి కారణం పుట్టిన కార్బన్ డయాక్సైడ్ ఇంకా నీటిలోనే ఉండటం. గోలీ సోడా ఎందుకు పుల్లగా ఉంటుందో ఇదీ అందుకే. ఆ వాయువు బయటికి పోయినకొద్దీ పీహెచ్ తిరిగి పెరుగుతుంది, ఆల్కలినిటీ మాత్రం మీరు తెచ్చినచోటే ఉంటుంది, ఎందుకంటే కార్బన్ డయాక్సైడ్ నీటిలోకి వచ్చినా పోయినా ఆల్కలినిటీ మారదు. అందుకే ఆల్కలినిటీని అప్పటికప్పుడు కొలుచుకోవచ్చు కానీ నీటిని అప్పటికప్పుడు వాడకూడదు. పంపు మూతిని పైకి తిప్పి నీటి ఉపరితలం ఎగసిపడేలా, వీలైతే గాలిరాయి కూడా వేసి, ఒక రాత్రీ పగలూ తిరగనివ్వండి. పీహెచ్ 8 దగ్గరికి చేరాకే వాడండి. తలుపులన్నీ మూసి ఉన్న ఇంట్లో నలుగురి ఊపిరితో గాలిలోనే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువై పీహెచ్ 7.9 దగ్గర ఆగిపోతే, కిటికీ తెరవండి, లేదా పీపాను గరాజ్‌కు మార్చండి. ఇంకా యాసిడ్ ఎక్కువైందని కంగారుపడి సోడా వేయకండి.

వంటింట్లో ఉన్నవాటితో పని జరగదా అని చాలామంది అడుగుతారు. వెనిగర్, నిమ్మరసం, నిమ్మ ఉప్పు, ఇవేవీ పనికిరావు. ఇవి పీహెచ్‌ను తగ్గిస్తాయి కాబట్టి పని చేసినట్టే కనిపిస్తాయి. కానీ వెనిగర్‌లోని ఎసిటేట్‌నూ నిమ్మ ఉప్పులోని సిట్రేట్‌నూ తొట్టిలోని బాక్టీరియా తిని మళ్లీ బైకార్బొనేట్‌గా మారుస్తాయి, అంటే తగ్గించిన ఆల్కలినిటీ తిరిగి వస్తుంది. మధ్యలో ఆ మేతకు బాక్టీరియా పెరిగి నీరు మసకబారుతుంది. మంచినీటి చేపలకు అమ్మే పీహెచ్ తగ్గించే ద్రావణాలలో కొన్నింట్లో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది, అది ఫాస్ఫేట్‌ను చేరుస్తుంది కాబట్టి అదీ వద్దు. బ్యాటరీ యాసిడ్ మాట ఎత్తకండి.

ఎదురు సమస్య ఉన్నవారు కూడా ఇది చదువుతారు కాబట్టి, కొత్త నీటి ఆల్కలినిటీ తొట్టికన్నా తక్కువగా ఉన్నప్పుడు ఏం చేయాలో క్లుప్తంగా చెబుతాను. బజ్జీల పిండిలో వేసే తినే సోడాయే చాలు. డబ్బా మీద సోడియం బైకార్బొనేట్ తప్ప మరేమీ రాసి ఉండకూడదు. బేకింగ్ పౌడర్ వేరు, అందులో పొడి ఆమ్లమూ పిండీ ఉంటాయి. 100 లీటర్లలో 1 డీకేహెచ్ పెంచడానికి 3 గ్రాములు, 84 లీటర్లలో 2 డీకేహెచ్ పెంచడానికి 5 గ్రాములు. ఒక లీటరు ఆర్‌ఓ నీటిలో కరిగించి నెమ్మదిగా పోయండి. దాన్ని వేడి ఓవెన్‌లో ఒక గంట వేయిస్తే సోడియం కార్బొనేట్ అవుతుంది, అది 100 లీటర్లకు 1.9 గ్రాములే చాలు, కానీ పీహెచ్‌ను ఒక్కసారిగా పెంచి కొత్త నీటిలో తెల్లని మబ్బు లేపుతుంది. కాబట్టి పీపాలో వాడేందుకు వేయించని సోడాయే మేలు. దుకాణాల్లో దొరికే చాకలి సోడా శుద్ధి తెలియనిది, పైగా నీటి అణువులతో కూడి ఉంటుంది కాబట్టి ఈ లెక్క దానికి వర్తించదు.

కలపడానికి తీసుకునే నీటి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మీకు ఆర్‌ఓ డీఐ ఉందన్నారు, కాబట్టి ఆ నీటిని ఉప్పు కలపకముందే ఒకసారి కొలిచి సున్నా ఉందని చూసుకుంటే సరిపోతుంది. హైదరాబాదులో సముద్రపు చేపల తొట్టి పెట్టుకున్న మా బావమరిది తన ఉప్పు మిశ్రమంలో ఏదో లోపం ఉందని, ఆల్కలినిటీ 15 వస్తోందని, నీరు రోజంతా పాలలా ఉంటోందని ఫోన్ చేశాడు. తవ్వి చూస్తే ఉప్పులో లోపమేమీ లేదు. బోరు నీటిని తాగే నీటి ఆర్‌ఓ యంత్రంలోంచి పట్టుకుంటున్నాడు, అందులో రుచికోసం కొంత ముడి నీటిని తిరిగి కలిపే ఏర్పాటు ఉంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఆల్కలినిటీ 200 పీపీఎం వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతి. 200 పీపీఎం అంటేనే 11.2 డీకేహెచ్. మనిషి తాగడానికి నిక్షేపంగా పనికొచ్చే నీరు, అందులో ఒక్క ఉప్పు పలుకు వేయకముందే, పగడాల తొట్టికి అవసరమైనదానికన్నా ఎక్కువ ఆల్కలినిటీ మోస్తూ ఉండవచ్చు. అలాంటి నీటికి యాసిడ్ పోసుకుంటూ కూర్చోవడం కన్నా ఆ ముడి నీరు కలిపే మీటను మూసేసి, డీఐ రెసిన్ పెట్టుకోవడం మంచిది.

చివరగా మీ ఆక్రొపోరా. కొసలు ఇలా తెల్లబడటానికి (దీన్నే కొసలు కాలడం అంటాం) ఆల్కలినిటీ పెరుగుదల ఒక్కటే కారణం కాకపోవచ్చు. నైట్రేట్, ఫాస్ఫేట్ దాదాపు సున్నాలో ఉన్న తొట్టిలో ఆల్కలినిటీ పెరిగితే కొసలు కాలడం ఎక్కువగా చూస్తాం. అస్థిపంజరం వేగంగా పెరిగి పైనున్న చర్మం దాన్ని అందుకోలేకపోయినట్టు కనిపిస్తుంది. అదే 1.2 పెరుగుదలను నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం ఉన్న తొట్టి ఎక్కువసార్లు నష్టం లేకుండా దాటేస్తుంది. కాబట్టి ఆ రెండూ కొలిచి చూడండి. తెల్లబడిన కొసలను కత్తిరించకండి, కింది చర్మం ఆరోగ్యంగా ఉంటే కొన్ని వారాల్లో వాటిపైకి మళ్లీ పాకుతుంది. కానీ తెలుపు కొసల దగ్గర కాకుండా మొదలు దగ్గర ఉండి పైకి పాకుతుంటే అది వేరే సమస్య, దానికి ఈ లెక్కలు సరిపోవు.

ఈ శనివారం పెద్ద మార్పు చేయకండి. తొట్టి ఇప్పుడు ఎక్కడ ఉందో రోజూ ఒకే వేళకు నాలుగు రోజులు కొలవండి, డోసింగ్‌ను ముట్టుకోకండి. ఈలోగా 8.4 ద్రావణంతో కిట్టునూ, 35 పాళ్ల ద్రావణంతో రిఫ్రాక్టోమీటరునూ పరీక్షించి, పీపాలో తాజాగా కలిపిన నీటి లవణీయత, ఆల్కలినిటీ, తొట్టిలోని నైట్రేట్, ఫాస్ఫేట్ రాసి పంపండి. ఆ అంకెలను బట్టి మీ 84 లీటర్లకు యాసిడ్ కావాలో అక్కర్లేదో లెక్క వేసి చెబుతాను. ఈలోపు తప్పనిసరిగా నీరు మార్చాలంటే 28 లీటర్లు, ఏమీ కలపకుండా.